అదీ ఒక అక్షరమే: కంప్యూటర్‌లో ఎమోజీ కథ

కంప్యూటర్ మీద తెలుగు గడగడా కొట్టేసేవాళ్ళు కూడా ఎమోజీ దగ్గరికి వచ్చేసరికి ఆగిపోతారు. ఫోన్‌లో అయితే స్పేస్ పక్కనో కిందో నవ్వు ముఖం కనిపిస్తూనే ఉంటుంది, కంప్యూటర్ కీబోర్డు మీద చాలావాటికి అలాంటి కీ ఉండదు. దాంతో కొందరు గూగుల్‌లో "హార్ట్ ఎమోజీ" అని వెతికి, దొరికిన పేజీలోంచి కాపీ చేసి తెచ్చుకుంటారు. ఇంకొందరు ఫోన్ తీసి, వాట్సాప్‌లో తమకు తామే ఒక దండం పంపుకుని, దాన్ని కంప్యూటర్‌లో వాట్సాప్ వెబ్ తెరిచి అక్కడినుంచి కాపీ చేస్తారు. ఒక్క దండం కోసం రెండు పరికరాలు, నాలుగు అంచెలు. ఆఫీసుల్లో, మీసేవ కేంద్రాల్లో, అమెరికా నుంచి అమ్మానాన్నలకు మెయిల్ రాసేవాళ్ళ ఇళ్ళలో కూడా ఇదే పద్ధతి నడుస్తోంది.

నిజానికి ఇది రెండు కీల పని. విండోస్ 10 లేదా 11 ఉన్న కంప్యూటర్‌లో, రాసే చోట ఒకసారి క్లిక్ చేసి కర్సర్ పెట్టి, విండోస్ గుర్తున్న కీ నొక్కి పట్టుకుని చుక్క కీ కొడితే చాలు, చిన్న ప్యానెల్ ఒకటి పైకి వస్తుంది. చుక్క బదులు సెమీకోలన్ కొట్టినా వస్తుంది. 2017 చివర్లో వచ్చిన విండోస్ 10 అప్‌డేట్ నుంచి ఈ సదుపాయం ఉంది, అయినా చాలామందికి ఎవరూ చెప్పలేదు. ప్యానెల్ తెరిచాక మౌస్‌తో వెతకనక్కర్లేదు, ఇంగ్లిష్ కీబోర్డు మీద ఉన్నప్పుడు హార్ట్ అనో రైస్ అనో టైప్ చేస్తే దానికి సంబంధించినవే మిగులుతాయి. కర్సర్ పెట్టకుండా ప్యానెల్ తెరిస్తే మాత్రం ఎమోజీ మీద ఎంత క్లిక్ చేసినా ఎక్కడా పడదు. "నా కంప్యూటర్‌లో పనిచేయట్లేదు" అనేవాళ్ళలో చాలామంది సమస్య ఇదే.

మ్యాక్‌లో కంట్రోల్, కమాండ్, స్పేస్ మూడూ కలిపి కొట్టాలి. కొత్త మ్యాక్‌బుక్‌లలో మూలన గ్లోబు బొమ్మ ఉన్న కీ ఉంటుంది, దానితో పాటు ఇ కొట్టినా అదే కిటికీ తెరుచుకుంటుంది. క్రోమ్‌బుక్‌లో సెర్చ్ కీ, షిఫ్ట్, స్పేస్. లైనక్స్ సంగతి కొంచెం వేరు, ఏ డెస్క్‌టాప్ వాడుతున్నారన్నదాన్ని బట్టి మారుతుంది. కేడీఈ ప్లాస్మాలో విండోస్ లాగే ఆ కీ, చుక్క కలిపి కొడితే వస్తుంది, గ్నోమ్‌లో చాలా చోట్ల కంట్రోల్, చుక్క.

ఇంతవరకూ చిట్కాలే. ఒక్కసారి చూపిస్తే ఎవరికైనా వస్తాయి. అసలు సంగతి ఆ తర్వాత మొదలవుతుంది. పంపిన బొమ్మ అవతలివాళ్ళకు డబ్బాలా కనిపించడం, జెండా పెడితే జెండా రాకపోవడం, ఫారంలో ఒక నవ్వు పెట్టిన పాపానికి ఆ తర్వాత రాసిందంతా మాయమవడం ఎందుకు జరుగుతాయో అర్థం కావాలంటే, కంప్యూటర్ దృష్టిలో ఎమోజీ అంటే ఏమిటో తెలియాలి. కంప్యూటర్‌కు అది ఫొటో కాదు, అ, ఆ, క, ఖ లాంటి అక్షరం. ఆ మాటకొస్తే తెలుగువాళ్ళకు ఇది అర్థం కావడం ఇంగ్లిష్ వాళ్ళకంటే తేలిక, ఎందుకంటే ఎమోజీ పడిన కష్టాలన్నీ మన లిపి కూడా పడింది, కొన్ని ఇంకా పడుతోంది.

యూనికోడ్ అనే పట్టికలో ప్రపంచంలోని లిపుల అక్షరాలకు ఒక్కోదానికి ఒక్కో సంఖ్య ఉంటుంది. తెలుగు అ సంఖ్య 0సి05. నవ్వు ముఖం 😀 సంఖ్య 1ఎఫ్600. మామూలు లెక్కలో 0 నుంచి 9 దాకా పది అంకెలే, ఇవి మాత్రం వాటితో పాటు ఎ నుంచి ఎఫ్ దాకా అక్షరాలను కూడా అంకెలుగా వాడే లెక్కలో రాసే సంఖ్యలు కాబట్టి మధ్యలో ఇంగ్లిష్ అక్షరాలు వస్తాయి. మైక్రోసాఫ్ట్ వర్డ్‌లో ఇంగ్లిష్ కీబోర్డు మీద ఈ 1ఎఫ్600 టైప్ చేసి, వెంటనే ఆల్ట్, ఎక్స్ కలిపి కొడితే ఆ అంకెలు పోయి నవ్వు ముఖం వస్తుంది. అక్కడే 0సి05 టైప్ చేసి అదే పని చేస్తే అ వస్తుంది. రెండింటికీ దారి ఒకటే. అవే సంఖ్యలను మామూలు లెక్కలోకి మార్చి, ఎక్సెల్‌లో యూనిచార్ అనే ఫార్ములాకు 128512 ఇస్తే అదే నవ్వు గడిలో పడుతుంది, 3077 ఇస్తే అ పడుతుంది. పంపేటప్పుడు వెళ్ళేది ఆ సంఖ్యే. బొమ్మ గీసేది అవతలి కంప్యూటర్‌లో ఉన్న ఫాంటు.

ఈ ఒక్క ముక్క పట్టుకుంటే సగం చిక్కులు విడిపోతాయి. డబ్బా ఎందుకు కనిపిస్తుంది? సంఖ్య చేరింది, కానీ ఆ సంఖ్యకు గీయాల్సిన రూపం అక్కడి ఫాంటులో లేదు. 2019లో వచ్చిన ఆటో బొమ్మను అంతకు ముందెప్పుడో అప్‌డేట్ ఆగిపోయిన కంప్యూటర్‌కు పంపితే అక్కడ ఖాళీ చతురస్రమే. విండోస్ ఎక్స్‌పీ రోజుల్లో తెలుగు పేజీ తెరిచినవాళ్ళకు ఈ చతురస్రాలు బాగా గుర్తుండాలి. గౌతమి ఫాంటు ఎక్స్‌పీతోనే వచ్చేది, కానీ కంట్రోల్ ప్యానెల్‌లోకి వెళ్ళి క్లిష్ట లిపుల కోసం అని ఒక టిక్కు పెట్టి, సీడీ వేసి, రీస్టార్ట్ చేస్తే తప్ప వత్తులూ గుణింతాలూ కుదురుగా కూర్చునేవి కావు. ఈ డబ్బాలకు టోఫూ అని ముద్దుపేరు. గూగుల్ తన ఫాంట్లకు నోటో అని పేరు పెట్టింది కూడా "టోఫూ ఇక వద్దు" అనే అర్థంలోనే, ఆ కుటుంబంలో తెలుగు ఫాంటూ ఉంది, రంగుల ఎమోజీ ఫాంటూ ఉంది.

ఇంకా వెనక్కి వెళ్తే మరీ దగ్గరి పోలిక ఒకటి కనిపిస్తుంది. యూనికోడ్‌లో ఎమోజీలు లేని కాలంలో మైక్రోసాఫ్ట్ అవుట్‌లుక్‌లో కోలన్, బ్రాకెట్ కలిపి నవ్వు టైప్ చేస్తే, అది తనంతట తానే నవ్వు ముఖంగా మారేది. మారేది అంటే, అక్కడ ఇంగ్లిష్ జె అక్షరం పెట్టి దానికి వింగ్‌డింగ్స్ అనే ఫాంటు తొడిగేది. ఆ ఫాంటులో జె ఉండాల్సిన చోట నవ్వు ముఖం గీసి ఉంటుంది. పంపినవాళ్ళకు నవ్వు కనిపించేది, ఆ ఫాంటు లేని చోట, లేదా మెయిల్ మామూలు అక్షరాలుగా తెరుచుకున్న చోట, వాక్యం చివర ఒంటరిగా జె అని కనిపించేది. ఇండియాలో ఐటీ ఉద్యోగులు ఏళ్ళ తరబడి క్లయింట్ మెయిళ్ళలో ఈ జె చూసి, ఇదేదో సంతకం కాబోలు అనుకున్న సందర్భాలు ఉన్నాయి.

ఇది చదువుతుంటే డీటీపీ పని తెలిసిన ఎవరికైనా అను ఫాంట్లు గుర్తొస్తాయి. పేజ్‌మేకర్‌లో అను ఫాంటుతో కొట్టిన పెళ్ళి పత్రిక ఆ షాపు కంప్యూటర్‌లో ముత్యాల్లా కనిపిస్తుంది. అదే మేటర్‌ను మెయిల్‌లో పేస్ట్ చేస్తే ఇంగ్లిష్ అక్షరాలు, డాలర్ గుర్తులు, కొమ్ములున్న లాటిన్ అక్షరాలు కలగలిసిన గజిబిజి వస్తుంది. కారణం అక్షరాలా అదే, ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లో తెలుగు రూపాలు గీసి పెట్టారు. యూనికోడ్ పాకే వరకు తెలుగు దినపత్రికల వెబ్‌సైట్లు కూడా ఎవరి ఫాంటు వాళ్ళు పెట్టుకుని, ముందు మా ఫాంటు దించుకోండి అని అడిగేవి. ఒక పత్రికలో కాపీ చేసిన వాక్యం ఇంకో చోట చదవడానికి వచ్చేది కాదు, గూగుల్‌లో వెతికినా దొరికేది కాదు. ఆ ఇరవై ఏళ్ళ తెలుగు మేటర్ ఇంకా ఎన్నో హార్డ్ డిస్కుల్లో ఆ గజిబిజి రూపంలోనే పడి ఉంది, కన్వర్టర్ వాడి యూనికోడ్‌లోకి మార్చితే తప్ప దానికి బతుకు లేదు. ఇదంతా చెప్పడం ఎందుకంటే, ఎమోజీకి యూనికోడ్‌లో సంఖ్య దొరకడం అనేది ఏదో సరదా వ్యవహారంలా కనిపిస్తుంది గానీ, బొమ్మ ఒక చోట బొమ్మగా, ఇంకో చోట జెగా ఉండే పరిస్థితి నుంచి బయటపడటం మామూలు విషయం కాదు.

ఆ దారి జపాన్ నుంచి వచ్చింది. ఎమోజీ అనే మాటలో ఎ అంటే బొమ్మ, మోజీ అంటే అక్షరం. ఇంగ్లిష్ ఎమోషన్‌కూ దీనికీ సంబంధం లేదు, శబ్దం కలిసిందంతే. పేరులోనే అక్షరం ఉంది. 1999లో జపాన్ ఫోన్ కంపెనీ డొకోమో కోసం షిగెతాకా కురితా తయారుచేసిన 176 బొమ్మల సెట్టు బాగా పేరు తెచ్చుకుంది, ఒక్కోటి 12 చుక్కల వెడల్పు, 12 చుక్కల ఎత్తు గడిలో గీసినవి. న్యూయార్క్‌లోని ఆధునిక కళా మ్యూజియం 2016లో వాటిని తన సేకరణలో చేర్చుకుంది. జపాన్‌లో మాత్రం ఒక కంపెనీ ఫోన్ నుంచి ఇంకో కంపెనీ ఫోన్‌కు పంపితే బొమ్మలు తారుమారయ్యేవి, మన పత్రికల ఫాంట్ల గొడవే. చివరికి 2010లో యూనికోడ్ 6.0లో వందల ఎమోజీలకు ఒకేసారి సంఖ్యలిచ్చారు. ఇప్పుడు చర్మపు రంగులు, జెండాలు అన్నీ కలిపి లెక్కేస్తే 3,700 దాటాయి. తెలుగుకు ఆ పట్టికలో చోటు 1991లో మొదటి యూనికోడ్ నుంచీ ఉంది.

కంప్యూటర్‌లో నవ్వు ముఖం అంతకంటే పాతదే. 1981లో వచ్చిన ఐబీఎమ్ పీసీ అక్షరాల పట్టికలో ఒకటో స్థానంలో నవ్వు ముఖం, మూడో స్థానంలో ప్రేమ గుర్తు ఉండేవి. అది ఇప్పటికీ విండోస్‌లో ఉంది, పక్కన అంకెల ప్యాడ్ ఉన్న కీబోర్డు మీద ఆల్ట్ నొక్కి పట్టుకుని ఆ ప్యాడ్ మీదే 1 కొట్టి వదిలితే ☺ వస్తుంది, 3 కొడితే ♥ వస్తుంది. ల్యాప్‌టాప్ పైవరుస అంకెలతో ఇది పనిచేయదు.

ఇక అసలు రుచి ఉన్న చోటికి వద్దాం. పొలంలో పనిచేసే మహిళ ఎమోజీ ఉంది, 👩‍🌾. చూడటానికి ఒకే బొమ్మ. లోపల మాత్రం మూడు సంఖ్యలు ఉన్నాయి. మొదటిది స్త్రీ, 1ఎఫ్469. చివరిది వరి కంకి, 1ఎఫ్33ఇ. రెండింటి మధ్యలో కంటికి కనిపించని అతుకు ఒకటి ఉంది, దాని సంఖ్య 200డి, పేరు జీరో విడ్త్ జాయినర్. వెడల్పు సున్నా, పని కలపడం. పాత కంప్యూటర్‌లో ఈ కలిపిన రూపం లేకపోతే స్త్రీ బొమ్మ, పక్కన వరి కంకి బొమ్మ విడివిడిగా కనిపిస్తాయి. చర్మపు రంగు మార్చితే ఇంకో సంఖ్య చేరుతుంది. 2015లో వచ్చిన ఆ అయిదు రంగుల గుర్తులు కూడా సొంతంగా నిలబడేవి కావు, ముందున్న బొమ్మకు అంటుకునేవి.

ఒక అక్షరం మీద ఇంకోటి ఎక్కి, కలిసి ఒకే రూపం అవడం అంటే తెలుగులో ప్రతి రెండో మాటలో జరిగేదే. స్త్రీ అనే మాటనే తీసుకోండి. కంటికి ఒకే అక్షరం. లోపల స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘం, మొత్తం ఆరు సంఖ్యలు. నోట్‌ప్యాడ్‌లో ఈ మాట కొట్టి బ్యాక్‌స్పేస్ ఒక్కోసారి నొక్కుతూ చూస్తే ముచ్చటగా తెలుస్తుంది. మొదటి దెబ్బకు దీర్ఘం పోయి స్త్ర అవుతుంది. రెండో దెబ్బకు రావత్తు రాలిపోయి స్త్ అనే పొల్లు మిగులుతుంది. తర్వాత స్త, ఆ తర్వాత స్, ఆ తర్వాత స. ఆరోసారి కొడితే గానీ ఖాళీ కాదు. కొన్ని అప్లికేషన్లలో 👩‍🌾 పక్కన బ్యాక్‌స్పేస్ కొడితే వరి కంకి మాత్రమే రాలిపోయి మామూలు స్త్రీ మిగిలేది ఇందుకే. అది బగ్గు అని కంగారు పడాల్సిన పని లేదు, రావత్తు రాలినట్టే ఇదీ.

ఆ అతుకుకు ఒక తోబుట్టువు ఉంది, పట్టికలో దాని పక్క ఇంట్లోనే, 200సి దగ్గర ఉంటుంది. పేరు జీరో విడ్త్ నాన్ జాయినర్, పని విడదీయడం. తెలుగు రాసేవాళ్ళకు దీని అవసరం రోజూ ఉంటుంది. సాఫ్ట్‌వేర్, ఫేస్‌బుక్, వెబ్‌సైట్ లాంటి మాటలు మామూలుగా కొడితే ట కింద వావత్తు, స కింద బావత్తు పడి చదవడానికే ఇబ్బందిగా ఉంటాయి. పొల్లు పొల్లుగానే నిలబడాలంటే దాని తర్వాత ఈ కనిపించని గుర్తు పెట్టాలి. తెలుగు వికీపీడియాలో రాసేవాళ్ళు దీన్ని ఎంతో శ్రద్ధగా పెడతారు, వార్తల సైట్లలో ఈ శ్రద్ధ తక్కువ. అంటే ఎమోజీలను కలపడానికి వాడే పరికరం, తెలుగు అక్షరాలను విడదీయడానికి వాడే పరికరం ఒకే పెట్టెలోవి. అందులోనూ ఆ పెట్టె ఎమోజీల కోసం చేసింది కాదు, మనలాంటి లిపుల కోసం ముందే చేసి పెట్టినదాన్ని ఎమోజీలు తర్వాత వచ్చి వాడుకున్నాయి.

2018 ఫిబ్రవరిలో ఈ పెట్టె వల్లే తెలుగు పేరు ప్రపంచమంతా మారుమోగింది. జ్ఞా అక్షరం మెసేజ్‌లో వస్తే ఐఫోన్లు కుప్పకూలుతున్నాయని వార్తలు వచ్చాయి. మామూలు జ్ఞా కాదు, జ, పొల్లు, ఞ, ఆ తర్వాత ఈ విడదీసే గుర్తు, చివర దీర్ఘం అనే ప్రత్యేకమైన వరుస. ఆ వరుసను గీయబోయి ఐఫోన్‌ను నడిపే ఐఓఎస్ 11.2.5 తడబడేది, మెసేజ్ యాప్‌లే కాదు, నోటిఫికేషన్‌గా వస్తే హోమ్ స్క్రీన్ కూడా పడిపోయేది. మ్యాక్ కంప్యూటర్లలోనూ అదే తంతు. యాపిల్ ఫిబ్రవరి 19న 11.2.6 విడుదల చేసి సరిచేసింది. ఆ వారం రోజులూ విదేశీ వార్తల్లో "తెలుగు అక్షరం ఫోన్లను పాడుచేస్తోంది" అన్నట్టు రాశారు. తప్పు అక్షరానిది కాదు, దాన్ని గీయడం రాని ప్రోగ్రాముది. ఇలాంటి వరుసలు బెంగాలీ, దేవనాగరి లిపుల్లోనూ ఫోన్లను పడగొట్టాయి. కోట్లమంది రాసే లిపిని విడుదలకు ముందు సరిగ్గా పరీక్షించలేదన్నదే అసలు విషయం.

ఇక్కడ నిజంగా బాధ కలిగించే ఒక పోలిక ఉంది. సాఫ్ట్‌వేర్ ఒక వాక్యంలో అక్షరాలు ఎన్ని అని లెక్కపెట్టాలన్నా, కర్సర్‌ను ఒక అడుగు జరపాలన్నా, ఎక్కడ తెంపకూడదో చెప్పే నియమాలు యూనికోడ్‌లో ఉన్నాయి. అతుకుతో కలిసిన ఎమోజీని మధ్యలో తెంపొద్దు, ఒకటిగానే చూడు అనే నియమం 2016లోనే, యూనికోడ్ 9.0లో వచ్చేసింది. స్త్రీని మధ్యలో తెంపొద్దు అనే నియమం మాత్రం 2023లో యూనికోడ్ 15.1తో గానీ రాలేదు. అప్పటివరకు ఆ నియమాల ప్రకారం స్త్రీ అంటే స్, త్, రీ అని మూడు ముక్కలు. అంటే ఏళ్ళ తరబడి పొలంలోని స్త్రీ బొమ్మ ఒకటిగా లెక్కకు వచ్చింది, స్త్రీ అనే మాట మూడుగా లెక్కకు వచ్చింది. పాత లైబ్రరీల మీద, అంటే ప్రోగ్రాములు అరువు తెచ్చుకునే పాత రెడీమేడ్ కోడు మీద నడిచే అప్లికేషన్లలో ఇప్పటికీ ఇదే లెక్క. తెలుగు టెక్స్ట్‌ను చుక్కలు పెట్టి కుదించే చోట, హెడ్డింగు మొదటి అక్షరాన్ని పెద్దగా చూపించే చోట, యానిమేషన్‌లో అక్షరాలు ఒక్కొక్కటే వచ్చే చోట వత్తులు ఊడిపోయి కనిపిస్తే కారణం సాధారణంగా ఇదే. ఎమోజీ విరిగితే అమెరికాలో కూర్చున్న ఇంజనీరుకు తన స్క్రీన్ మీదే కనిపిస్తుంది, వెంటనే సరిచేస్తాడు. వత్తు ఊడితే అతనికి తెలియదు, మనం చెప్పాలి. ఎమోజీల పుణ్యమా అని ఇంగ్లిష్ మాత్రమే రాసే ప్రోగ్రామర్లకు కూడా "ఒక అక్షరం అంటే ఒక సంఖ్య కాదు" అన్న సంగతి తలకెక్కింది, అది మనకు మంచే చేసింది.

సంఖ్యల బరువు గురించి కూడా కొంచెం చెప్పుకోవాలి, ఎందుకంటే వెబ్‌సైట్లలో ఎమోజీ పెడితే జరిగే ప్రమాదాలన్నీ అక్కడే ఉన్నాయి. ఇంటర్నెట్‌లో ఎక్కువగా వాడే యూటీఎఫ్-8 పద్ధతిలో ఇంగ్లిష్ అక్షరానికి ఒక బైటు (కంప్యూటర్‌లో చోటును కొలిచే ప్రమాణం), తెలుగులో ఒక్కో గుర్తుకు మూడు, ఎక్కువ ఎమోజీలకు నాలుగు బైట్లు పడతాయి. ఆ లెక్కన స్త్రీ 18 బైట్లు, నవ్వు ముఖం 4 బైట్లే. మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్‌లో యూటీఎఫ్8 అని పేరు పెట్టిన పాత అమరిక గరిష్ఠంగా మూడు బైట్ల వరకే తీసుకునేది. తెలుగు అందులో సరిగ్గా ఇమిడిపోయేది కాబట్టి సైటు కట్టినవాళ్ళు తెలుగు పరీక్షించి, అంతా బాగుంది అనుకునేవారు. ఎవరో వచ్చి నాలుగు పేరాల అభిప్రాయం రాసి, రెండో పేరా చివర ఒక నవ్వు పెట్టేవారు. కొన్ని అమరికల్లో అక్కడ ప్రశ్నార్థకాలు వచ్చేవి, కొన్నింటిలో ఎర్రర్ వచ్చేది, ఇంకొన్నింటిలో ఆ నవ్వు దగ్గర్నుంచి మిగతా రెండు పేరాలూ చప్పుడు లేకుండా తెగిపోయేవి. నాలుగు బైట్లు పట్టే అమరిక 2010లోనే వచ్చినా, ఎన్నో సైట్లు కట్టడానికి వాడే వర్డ్‌ప్రెస్ 2015లో గానీ దానికి మారలేదు, పాత సైట్లు కొన్ని ఇప్పటికీ మారలేదు. అందుకే ప్రభుత్వ పోర్టళ్ళలో, ఉద్యోగ దరఖాస్తుల్లో, బ్యాంకు ఫారాల్లో ఎమోజీ పెట్టకపోవడమే మేలు. పాస్‌వర్డ్‌లో అసలే వద్దు, తెలియని కంప్యూటర్‌లో ఆ బొమ్మ మళ్ళీ కొట్టలేకపోతే అకౌంట్ తలుపు మూసుకుపోయినట్టే.

ఎస్సెమ్మెస్ సంగతి ఇంకో రకం. ఒక ఇంగ్లిష్ ఎస్సెమ్మెస్‌లో 160 అక్షరాలు పడతాయి. అందులో ఒక్క ఎమోజీ చేరినా మొత్తం మెసేజ్ వేరే పద్ధతిలోకి మారి ఆ పరిమితి 70కి పడిపోతుంది. కంప్యూటర్‌లో బల్క్ ఎస్సెమ్మెస్ పోర్టల్ తెరిచి, 150 అక్షరాల ఇంగ్లిష్ ఆహ్వానం చివర ఒక 🙏 చేరిస్తే అది మూడు ముక్కలుగా వెళ్తుంది. వెయ్యి మందికి పంపితే వెయ్యి బదులు మూడు వేల మెసేజ్‌లకు బిల్లు పడుతుంది. తెలుగు మెసేజ్‌కు పరిమితి మొదటినుంచీ 70 కాబట్టి అక్కడ ఎమోజీ వల్ల పోయేది రెండు అక్షరాల చోటు మాత్రమే.

జెండా దగ్గర మరో తమాషా ఉంది. ఆగస్టు 15న విండోస్ కంప్యూటర్‌లో శుభాకాంక్షలు రాసి, ఎక్కడినుంచో భారత జెండా కాపీ చేసి తెచ్చి పెడితే, త్రివర్ణం బదులు ఐ, ఎన్ అనే రెండు ఇంగ్లిష్ అక్షరాలు కనిపిస్తాయి. పాడైపోలేదు. యూనికోడ్‌లో దేశాల జెండాలకు విడిగా సంఖ్యలు లేవు, దేశం కోడులోని రెండు అక్షరాలకు ప్రత్యేక రూపాలు ఉన్నాయి, ఆ రెండూ పక్కపక్కన వస్తే జెండాగా గీయాలి అని ఒప్పందం. విండోస్ ఎమోజీ ఫాంటులో దేశాల జెండాలు గీయలేదు కాబట్టి విడి అక్షరాలే చూపిస్తుంది. అదే పేజీని ఫోన్‌లో చూసినవాళ్ళకు జెండా రెపరెపలాడుతూనే కనిపిస్తుంది. ఫైర్‌ఫాక్స్ తన సొంత ఎమోజీ ఫాంటు వెంట తెచ్చుకుంటుంది కాబట్టి విండోస్‌లో కూడా అందులో జెండా వస్తుంది.

గీసేది ఎవరి ఫాంటు వాళ్ళదే అన్నప్పుడు అర్థాలు కూడా కొంచెం జారతాయి. తుపాకీ ఎమోజీని యాపిల్ 2016లో నీళ్ళ తుపాకీగా మార్చింది, 2018కల్లా మిగతా పెద్ద కంపెనీలు కూడా మార్చాయి. ఆ మధ్య రెండేళ్ళు ఒకరు బొమ్మ తుపాకీ పంపితే ఇంకొకరికి నిజం తుపాకీ చేరే అవకాశం ఉండింది. అయితే తెలుగువాళ్ళ మధ్య అర్థాలు జారేది ఎక్కువగా ఫాంటు వల్ల కాదు, సైజు వల్ల. కంప్యూటర్ స్క్రీన్ మీద చిన్నగా చూస్తే 😂, 😭 రెండింటికీ కన్నీళ్ళే కనిపిస్తాయి. ఎవరో పోయారన్న కబురు కింద పెద్దవాళ్ళు పొరపాటున నవ్వి నవ్వి నీళ్ళు కారే ముఖం పెట్టేయడం, ఆ ఇంటివాళ్ళు నొచ్చుకోవడం చాలా కుటుంబాల గ్రూపుల్లో జరిగిందే. బ్రౌజర్‌లో కంట్రోల్, ప్లస్ కలిపి రెండుసార్లు కొట్టి అక్షరం పెద్దది చేసుకుని చూస్తే ఆ పొరపాటు జరగదు. చావు కబురుకు దండం ఒక్కటే చాలు. 🙏 జపాన్‌లో దయచేసి, కృతజ్ఞతలు అనే అర్థాల్లో నడిచింది, మనకు అది నమస్కారం, థాంక్స్, ఓం శాంతి, ఇక వదిలెయ్యి బాబూ, అన్నీను. పక్కనున్న మాటను బట్టే తేలాలి.

బొటనవేలు 👍 విషయంలో కోర్టుల దాకా వెళ్ళింది. కెనడాలోని సస్కాచివాన్‌లో ధాన్యం కొనే కంపెనీ ఒకటి అవిసె గింజల ఒప్పందం ఫొటో తీసి రైతుకు పంపి, ఖాయం చెయ్యమంది. రైతు బొటనవేలు పంపాడు. పంట ఇవ్వలేదు. మెసేజ్ అందిందని చెప్పడానికే పెట్టానన్నాడు రైతు, ఒప్పుకున్నట్టేనంది కంపెనీ. 2023లో కోర్టు దాన్ని సంతకం కిందే లెక్కగట్టి దాదాపు 82 వేల కెనడా డాలర్లు కట్టమంది. ఆ ఇద్దరి మధ్య అంతకు ముందు కూడా ఒకటి రెండు మాటల జవాబులతోనే ఒప్పందాలు నడిచాయన్నది కోర్టు చూసిన ముఖ్యమైన సంగతి. ఆఫీసు మెయిల్‌లోనో టీమ్స్‌లోనో డబ్బు, గడువు ఉన్న మెసేజ్ వచ్చినప్పుడు "చూశాను, రేపు చెప్తాను" అని నాలుగు మాటలు కొట్టడం బొటనవేలి కంటే చాలా క్షేమం.

చూపు లేనివాళ్ళు కంప్యూటర్‌ను స్క్రీన్ రీడర్‌తో వింటారు. అది ఎమోజీ వచ్చిన ప్రతిసారీ దాని పేరు పైకి చదువుతుంది. పుట్టినరోజు శుభాకాంక్షల కింద వరసగా పన్నెండు కేకులు పెడితే కేకు అనే మాట పన్నెండుసార్లు వినాలి. వాక్యం మధ్యలో ప్రతి మాట తర్వాతా బొమ్మ పెడితే ఆ వాక్యం అర్థమే పోతుంది. మాట చోటులో ఎమోజీ పెట్టకుండా, వాక్యం పూర్తయ్యాక చివర ఒకటో రెండో పెడితే చూసేవాళ్ళకూ వినేవాళ్ళకూ ఇబ్బంది ఉండదు.

ఆ చదివే పేర్లు ఎక్కడినుంచి వస్తాయన్నది మనం పట్టించుకోవాల్సిన విషయం. యూనికోడ్ సంస్థే సీఎల్‌డీఆర్ అనే ఉమ్మడి భాండాగారం నడుపుతుంది, తేదీలు, నెలల పేర్లు, కరెన్సీ గుర్తులతో పాటు ఎమోజీల పేర్లూ, వాటిని వెతకడానికి వాడే మాటలూ ఒక్కో భాషలో అక్కడ ఉంటాయి, తెలుగులో కూడా ఉన్నాయి. చాలా కంపెనీలు పేర్లను అక్కడినుంచే తీసుకుంటాయి. 2018లో మామిడిపండు 🥭, నెమలి 🦚 వచ్చాయి. 2019లో ఆటో 🛺, చీర 🥻, ప్రమిద 🪔, గుడి 🛕 ఒకేసారి వచ్చాయి. వాటికి తెలుగులో ఏ పేరు ఉండాలి, ఏ ఏ మాటలు కొడితే అవి దొరకాలి అన్నది అమెరికాలో తేలే విషయం కాదు. ప్రమిద కోసం వెతికేవాళ్ళు దీపం అని కొడతారు, దివ్వె అని కొడతారు, కార్తీకం అని కొట్టేవాళ్ళూ ఉంటారు. గుడి కోసం దేవాలయం, కోవెల. ఇంగ్లిష్ పేరును మక్కీకి మక్కీ దించితే ఇవేవీ దొరకవు. ఆ భాండాగారంలో మాటలు ప్రతిపాదించడానికి, ఇతరులు పెట్టినవాటి మీద ఓటు వేయడానికి అకౌంట్ అడిగి తీసుకోవచ్చు, అది స్వచ్ఛందంగా చేసే పని. అప్పుడప్పుడు కొత్త మాటలు తీసుకునే గడువు తెరుస్తారు, ఒక్కో మాటకు వచ్చిన ఓట్లను బట్టి అది నిలుస్తుంది.